చేతికర్ర కూడా బ్యాక్‌గ్రౌండేనా?

“ఒక్క క్లిక్కే కదా అన్నా, దానికి వంద రూపాయలా?”

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టడం మానేశాను. నిన్న మళ్లీ విన్నాను కాబట్టి ఈ పోస్టు. ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బమ్‌లు, పాస్‌పోర్టు ఫొటోలు చేసే చిన్న దుకాణం నాది. ఫొటోలో మనిషిని ఉంచి వెనకున్నదంతా తీసేయడాన్ని మేము కటింగ్ అంటాం. ఇరవై ఏళ్లుగా రోజూ చేస్తున్న పని ఇది. కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందే ఒప్పుకుంటాను, ఆ క్లిక్ నేనూ నొక్కుతాను. ఫొటోషాప్ 7.0 రోజుల్లో పెన్ టూల్ పట్టుకుని భుజం దగ్గర మొదలుపెడితే, చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ చెవి చుట్టూ తిరిగి మళ్లీ భుజానికి చేరేసరికి టీ చల్లారిపోయేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. 2018లో మనిషిని తానే గుర్తుపట్టి ఎంచుకునే సదుపాయం ఫొటోషాప్‌లోకి వచ్చింది. అదే ఏడాది చివర్లో, ఫొటో పెడితే వెనకున్నదంతా తానే తీసేసే రిమూవ్ డాట్ బీజీ వెబ్‌సైటు మొదలైంది. 2022లో ఐఓఎస్ 16 వచ్చాక ఐఫోన్‌లో ఫొటో మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలు, మనిషి విడిగా లేచి వస్తున్నాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. తర్వాత జుట్టు దగ్గర పెద్దది చేసి చూశాను. మాట తిరిగి వచ్చింది.

మనిషికీ వెనకున్న గోడకీ మధ్య ఒక గీత ఉంటుందని అందరూ అనుకుంటారు. ఫొటోను ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూడండి, ఆ గీత ఎక్కడా దొరకదు. ఫొటో అంతా పిక్సెళ్లు అనే చిన్న చుక్కలే, చాలా ఫొటోల్లో వెంట్రుక ఒక పిక్సెల్ కంటే సన్నగా ఉంటుంది. అందుకని అంచున ఉన్న ఒక్కో పిక్సెల్‌లో కొంత జుట్టు, కొంత గోడ పాలూ నీళ్లలా కలిసిపోయి ఉంటాయి. దాన్ని ఉంచితే గోడ కూడా వెంట వస్తుంది. తీసేస్తే తలకు హెల్మెట్ పెట్టినట్టు ఉంటుంది. ఈ పిక్సెల్ మనిషికి ఎంత, గోడకు ఎంత అని పంచడానికే, నలుపు ఉన్నచోట ఫొటోను దాచి తెలుపు ఉన్నచోట చూపించే మాస్క్ అనే పొరలో నలుపు నుంచి తెలుపు దాకా, సున్నా నుంచి 255 దాకా బూడిద రంగు మెట్లు ఉంటాయి. పంచాక కూడా పని తీరదు. ఉంచిన వాటాలో అంటుకుని ఉన్న గోడ రంగును కడగాలి. ఎర్ర షామియానా కింద తీసిన పెద్దావిడ తెల్లజుట్టు అంచులు ఎర్రగా ఉంటాయి. ఆ తలను అలాగే తీసుకెళ్లి నీలి ఆకాశం మీద పెడితే చుట్టూ ఎర్ర గీత వెలుగుతుంది. మన కూడళ్లలో ఫ్లెక్సీల మీద నాయకుల తలల చుట్టూ కనిపించే కాంతి చాలావరకు దైవత్వం కాదండీ, కడగకుండా వదిలేసిన గోడ.

ఇక మీరు పంపే ఫొటోల సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫొటోను కుదించి పంపుతుంది. అందుకు వాడే జేపీఈజీ పద్ధతి ఫొటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. అందులోనూ వెలుగునీడల కంటే రంగుల వివరాలను ఎక్కువగా తగ్గిస్తారు, రంగుల్లో సన్నని తేడాలను మన కన్ను అంతగా పట్టించుకోదు కాబట్టి. కన్ను పట్టించుకోకపోవచ్చు, కటింగ్ చేసేవాడికి తప్పదు. చీర ఎరుపు గోడ మీదికి, గోడ పచ్చ చీర మీదికి కారి ఉంటాయి. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్లను నేను ఏమీ అనను. అనడానికి ఏమీ మిగల్లేదు.

ఒక చోట మాత్రం ఎంత డబ్బిచ్చినా కటింగ్ చేయను. అమెరికా వీసా ఫొటో. బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా గానీ తెలుపుకు దగ్గరగా గానీ ఉండాలి, 600 నుంచి 1200 పిక్సెళ్ల చదరంగా ఉండాలి, ఫైలు 240 కిలోబైట్లు దాటకూడదు. వీటన్నిటితో పాటు, ఫొటోను సాఫ్ట్‌వేర్‌తోనో యాప్‌తోనో మార్చకూడదని అక్కడి విదేశాంగ శాఖ నియమాల్లోనే రాసి ఉంది. కాలేజీలు చేరే కాలం వచ్చిందంటే చాలు, బీరువా ముందు తీసుకున్న సెల్ఫీ తెచ్చి “వెనక తెల్లగా చేయండి” అనే పిల్లలు బారులు తీరుతారు. లక్షలు అప్పు చేసి వెళుతున్న చదువు, కొత్త ఫొటో తీయించుకునే నలభై రూపాయల దగ్గర లెక్కలు! నా దుకాణంలో ఒక గోడకు తెల్ల సున్నం వేయించి ఉంచాను. దానికి రెండడుగులు ముందు నిలబడితే నీడ కూడా పడదు. వీసా ఫొటోకు నా సాఫ్ట్‌వేర్ ఆ గోడే.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు నిజంగా ఒళ్లు మండేది ఇంకొకటి ఉంది. ఫొటోలో ఏది మనిషి, ఏది కాదు అన్న నిర్ణయం యంత్రానికి వదిలేసి, ఆ తర్వాత ఒక్కసారైనా చూసుకోకపోవడం. మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీలు చూడండి. బోసినవ్వుల బిడ్డ, నడుముకు రెండు వైపులా నాలుగేసి పెద్ద వేళ్లు. తల్లి వెనక నుంచి పట్టుకుని ఉంటే తల్లిని తీసేసి వేళ్లు వదిలేశారు. దాన్నే ఊరి మధ్యలో కట్టారు.

పోయిన ఏడాది ఒకాయన తండ్రి సంవత్సరీకానికి ఫ్లెక్సీ చేయించడానికి వచ్చాడు. “కటింగ్ ఫోనులో నేనే చేశాను, పేర్లు వేసి ప్రింట్ ఇవ్వండి చాలు” అన్నాడు. తెరిచి చూశాను. తెల్ల పంచె, భుజాన కండువా, నిలబడ్డ పెద్దమనిషి. కుడిచెయ్యి నడుము దగ్గర పిడికిలి బిగించి గాలిలో ఉంది. “మీ నాన్నగారు చేతిలో ఏమి పట్టుకున్నారు?” అని అడిగాను. ఆయన తెర వంక కాసేపు అలాగే చూశాడు. “కర్ర” అన్నాడు. “ఏడేళ్లు ఆ కర్ర లేకుండా గడప దాటలేదు.”

అసలు ఫొటో అడిగితే లేదన్నాడు. ఫోనులో చోటు చాలక తీసేశాడట.

నాకు పని నేర్పిన గురువుగారు కంప్యూటర్ రాకముందు నెగెటివ్ మీద సన్నని కుంచెతో ఎర్రని ఒపేక్ రంగు పూసేవారు. రంగు పూసిన మేర వెలుతురు దిగదు, ప్రింటులో అక్కడ తెల్లగా వస్తుంది. వద్దనుకుంటే తడి దూదితో తుడిస్తే చాలు, వెనకున్న చెట్టూ చేమా అన్నీ మళ్లీ కనిపించేవి. ఆయన దేన్నీ తీసేయలేదు, కప్పారు అంతే. లేయర్ మాస్క్ చేసేది కూడా అదే. అందుకే నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు ఎరేజర్ పట్టుకుంటే మౌసు లాక్కుంటాను.

ఆ కర్ర పెద్దాయన అసలు ఫొటో నాలుగు రోజుల తర్వాత ఆయన కూతురి ఫోనులో దొరికింది. కర్ర వెనక పశువుల కొట్టం గుంజ ఉంది. రెండూ ఒకే రంగు, ఒకే మందం. ఏది కర్రో ఏది గుంజో నాకే తెలియక కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతూ పెన్ టూల్‌తో గీశాను. గంటన్నర పట్టింది.

నిన్న “ఒక్క క్లిక్కే కదా” అన్న అతని దగ్గరకు వస్తాను. కూతురి ఓణీల వేడుకకు ఫ్లెక్సీ. జుట్టు అంచులు పెద్దవి చేసి చూపించాను. “ఇరవై అడుగుల ఎత్తున కడతాం అన్నా, అంత దగ్గరికి ఎవరు వచ్చి చూస్తారు?” అన్నాడు. ఆలోచిస్తే అతని మాటలో తప్పు లేదు. గోడకు తగిలించి రోజూ చూసుకునే ఫొటో వేరు, వారం రోజుల్లో గాలికి చిరిగిపోయే ఫ్లెక్సీ వేరు. రెండింటికీ ఒకే రేటు చెప్పడం నా పొరపాటే. యాభై తీసుకున్నాను.

అతను వెళ్లాక మళ్లీ చూస్తే అమ్మాయి ఎడమ చెవికి బుట్టకమ్మ లేదు. క్లిక్ మింగేసింది. మాస్క్‌లో తెల్ల కుంచెతో దాన్ని వెనక్కి తెచ్చి ప్రింటుకు పంపాను. అతనికి చెప్పలేదు.