హన్నా డస్టన్ చేతిలో ఉన్నవి పూలు కావు

న్యూ హాంప్‌షైర్‌లో కాంటూకుక్ నది మెరిమాక్‌లో కలిసేచోట ఒక చిన్న లంక ఉంది. పాత రైలు వంతెన మీదుగా నడిచి వెళ్తే చెట్ల మధ్య ఎత్తైన దిమ్మె మీద హన్నా డస్టన్ రాతివిగ్రహం కనిపిస్తుంది. 1874లో నెలకొల్పిన ఈ విగ్రహం అమెరికాలో ఒక స్త్రీ గౌరవార్థం వెలసిన తొలి బహిరంగ విగ్రహమని చెబుతారు. ఒక చేతిలో చిన్న గొడ్డలి ఉంటుంది. రెండో చేతిలో వేలాడుతున్నవాటిని దూరం నుంచి చూసి మా అమ్మాయి పూలగుత్తి అనుకుంది. అవి మనుషుల తలల నుంచి జుట్టుతో సహా ఒలిచిన చర్మాలు.

ఆమె దుఃఖాన్ని నేను తక్కువ చేయను. 1697 మార్చిలో అబెనాకీ అనే ఆదివాసీ తెగ యోధులు మసాచుసెట్స్‌లోని హేవ్రిల్ మీద దాడి చేసేనాటికి ఆమె పచ్చి బాలింత. వారం నిండని పసిగుడ్డును చంపి, ఆమెనూ, పురుడు చూస్తున్న మేరీ నెఫ్‌నూ బందీలుగా నడిపించుకుపోయారు. రెండు వారాల తరువాత ఈ లంక మీద, తమను ఉంచుకున్న కుటుంబం నిద్రలో ఉండగా, వారిద్దరూ మరో ఇంగ్లీషు బాలుడితో కలిసి పదిమందిని గొడ్డళ్లతో నరికి చంపారు. ఆ పదిమందిలో ఆరుగురు పిల్లలు. పడవలో బయలుదేరినవారు మళ్లీ వెనక్కి వచ్చి ఆ తలలు ఒలుచుకుని వెళ్లారు. మసాచుసెట్స్ శాసనసభ వారికి మొత్తం 50 పౌండ్ల బహుమానం ఇచ్చింది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ రాత్రి చేసినదానికి తీర్పు చెప్పడానికి నాకు నోరు రాదు. నా కోపమంతా 177 ఏళ్ల తరువాత ఆమెను దిమ్మె ఎక్కించినవారి మీదనే. 1868 ఒప్పందంలో అమెరికా ప్రభుత్వం లకోటా ఆదివాసులకు రాసిచ్చిన బ్లాక్ హిల్స్ కొండల్లోకి అమెరికా సైన్యాధికారి కస్టర్ సేనలు బంగారం వెతుక్కుంటూ చొరబడింది కూడా సరిగ్గా ఆ 1874 వేసవిలోనే. ఆదివాసుల నేలను లాక్కుంటున్న కాలానికి, ఆదివాసుల చేతిలో నష్టపోయిన తల్లి బొమ్మ ఎంతగా అక్కరకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అయిదేళ్లకు హేవ్రిల్‌లోనూ కంచు విగ్రహం లేచింది; అక్కడా చేతిలో గొడ్డలే.

అయినా ఈ రాతిని పడగొట్టమని నేను అనను. పడగొడితే ఆ చర్మాలు కూడా కనుమరుగవుతాయి, మనిషి తలకు ప్రభుత్వం డబ్బు చెల్లించిన సంగతి మరుగున పడుతుంది. ఆ లంక మీదనే, అంతే ఎత్తున, అదే గ్రానైట్‌తో ఇంకొక రాయి నిలబెట్టాలి. దాని మీద ఆ దాడిలో చనిపోయిన హన్నా పసికూతురు మార్తా పేరు చెక్కి, పక్కనే ఇక్కడ చనిపోయిన ఆరుగురు అబెనాకీ పిల్లల కోసం ఆరు వరుసలు ఖాళీగా వదిలిపెట్టాలి.