తూటా ఇమిడితే సరిపోదు, పిస్టల్ తట్టుకోవాలి

తాతల కాలం నాటి పిస్టళ్లను లైసెన్సుతో దాచుకున్న హైదరాబాద్ కుటుంబాల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. "పాత జర్మన్ ఉక్కుకు తిరుగులేదు. గదిలో (గొట్టం వెనుక తూటా కూర్చునే చోట) ఇమిడే తూటా ఏదైనా పేల్చవచ్చు. తర్వాత నూనె పూస్తే మరో వందేళ్లు చెక్కుచెదరదు" అని దాని సారాంశం. తుపాకుల మరమ్మతులోనే నా జీవితం గడిచింది. ఈ మూడు మాటలూ తప్పే. రెండోది ప్రాణం మీదికి తెచ్చే తప్పు, కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

తూటా ఇమిడిందంటే కొలత కుదిరిందనే అర్థం. అది పేలినప్పుడు పుట్టే ఒత్తిడిని పిస్టల్ భరిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. అమెరికా కోల్ట్ పిస్టళ్లలో 1900, 1902 నమూనాలు .38 ఏసీపీ అనే తూటాకు చేసినవి. 1920ల చివర అదే కొలతల తూటా తొడుగులో మరింత బలమైన మందు దట్టించి .38 సూపర్ తూటా తెచ్చారు. పాత పిస్టల్లో అది సాఫీగా దిగుతుంది. అయితే అందులో స్లైడ్, అంటే పేలినప్పుడల్లా వెనక్కి జరిగే పైభాగం, వెనక్కి ఊడి రాకుండా ఆపేది ముందువైపు అడ్డంగా దూర్చిన చిన్న చీల ఒక్కటే. అది విరిగితే స్లైడ్ కాల్చేవాడి ముఖానికే తగులుతుంది. ఇటలీవారి 1910 గ్లిసెంటి కథా ఇలాంటిదే: దాని తూటా కొలతలు 9 ఎం.ఎం. పారాబెల్లం తూటావే, బలం మాత్రం తక్కువ; కాబట్టి పారాబెల్లం ఇమిడినా ఆ పిస్టల్‌కు అది ఎక్కువే.

ఇక మౌజర్ సి96. 1925 కాకోరి రైలు దోపిడీ ఘటనలో విప్లవకారుల చేతిలో ఉన్నది మౌజరే కనుక దానిపై మనవారి మమకారం నాకు అర్థమవుతుంది. దాని 7.63 తూటా, రష్యా టోకరెవ్ 7.62 తూటా దాదాపు ఒకే రూపంలో ఉంటాయి. టోకరెవ్ తూటాల్లో కొన్ని సబ్‌మెషీన్ గన్నుల (పిస్టల్ తూటాలను వరసగా పేల్చే తుపాకుల) కోసం గట్టిగా దట్టించినవి. మౌజర్ బోల్టును, అంటే తూటా వెనుక నిలిచి పేలగానే వెనక్కి జరిగే కడ్డీని, ఊడి రాకుండా వెనుక నిలిపి ఉంచేది ఒకే ఒక ఆపుడు ముక్క. ఒకసారి పాతబస్తీ నుంచి ఒక పెద్దాయన తెచ్చిన మౌజర్‌లో ఆ ముక్క మూలలో వెంట్రుకంత పగులు కనిపించింది. అప్పటికి పైకి పిస్టల్ తళతళలాడుతోంది.

ఉక్కు సంగతికి వస్తే, దెబ్బ మీద దెబ్బ తిన్న లోహం లోలోపల అలసిపోతుంది. అంతకన్నా ముందు బోల్టును అదుపు చేసే స్ప్రింగు సడలుతుంది. దానితో బోల్టు వెనక్కి మరింత వేగంగా వెళ్లి ఫ్రేమును బాదుతుంది. ఖాళీ తొడుగులు మునుపటికన్నా దూరంగా పడుతున్నాయంటే స్ప్రింగు మార్చేదాకా కాల్చకండి. ఒక్క నొక్కుకు రెండు తూటాలు పేలితే ట్రిగ్గరు యంత్రాంగం అరిగినట్టే, అక్కడే ఆపండి.

నూనె మాట సగం నిజం కాబట్టి ఎక్కువమంది నమ్ముతారు. పాత సైనిక తూటాల ప్రైమర్లలో (తూటా అడుగున మందును అంటించే చిన్న మూతల్లో) చాలావాటిలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు నూనెలో కరగదు. మన వానాకాలపు గాలిలో తేమను పీల్చి, నూనె పొర కిందే తుప్పు పట్టిస్తుంది. ముందు వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆపైన నూనె పూయాలి.

పిస్టల్‌పై చెక్కిన అంకె ఒక్కటే చూసి కొనకండి. 7.65 బ్రౌనింగ్, 7.65 పారాబెల్లం రెండు వేర్వేరు తూటాలు. అనుభవమున్న మరమ్మతుదారు చేత గదికి అచ్చు తీయించి, లైసెన్సులోని బోరుతో (గొట్టం లోపలి కొలతతో) సరిచూసి, స్ప్రింగు, ఆపుడు ముక్క పరీక్షించాకే తూటా తెచ్చుకోండి. పగులు ఉందని ఆయన చెబితే పిస్టల్‌ను బీరువాలోనే ఉంచండి.