పొడిచినవాడి మర్యాద

‘చాపర్’ అనే మారుపేరున్న ఆస్ట్రేలియా నేరస్థుడు మార్క్ రీడ్ కథతో ఆండ్రూ డొమినిక్ 2000లో తీసిన ‘చాపర్’ చిత్రం చూసినవారు తప్పకుండా అనే మాట ఒకటుంది: ‘దుర్మార్గుడే గానీ, ఎంత మర్యాదస్థుడండీ!’ లోకం ఇంత ఏకగ్రీవంగా ఆమోదించిన మర్యాదను సవినయంగా పరిశీలించడం మన విధి.

మెల్‌బోర్న్‌లోని పెంట్రిడ్జ్ జైలులో మార్క్ రీడ్ తోటి ఖైదీని పొడుస్తాడు. అంతవరకు ఏ మోటు రౌడీ అయినా చేయగలడు. నేల మీద నెత్తురు మడుగు కడుతుండగా పొడిచినవాడే వంగి పరామర్శించడంలో ఉంది అసలు సంస్కారం. బయటికి వచ్చాక ఒకడి ఇంటికి వెళ్లి, వాడిని కాల్చి, మళ్లీ తానే కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి చేరుస్తాడు. అక్కడి కాగితంలో ‘తీసుకువచ్చినవారికి రోగితో గల సంబంధం’ అనే గడి ఉండి ఉంటే, ‘కాల్చినవాడు’ అని రాస్తే సరిపోయేదా, పక్కన ‘శ్రేయోభిలాషి’ అని కూడా చేర్చవలసి వచ్చేదా అన్నది పండితులు తేల్చవలసిన విషయం. జన్మలో ఎవరినీ కాల్చని మనం ఎంతమందిని ఆసుపత్రికి మోసుకుపోయినా మనలోని మానవత్వం ఎవరి కంటా పడదు. ముందుగా కాల్చకపోవడమే మన లోపం.

నిజజీవితంలో కూడా రీడ్ జైలులో వేరే విభాగానికి మార్పించుకోవడానికి తన రెండు చెవులూ కోయించుకున్న ఘనుడు. తరువాత తన ఘనకార్యాల మీద పుస్తకాలు రాస్తే జనం ఎగబడి కొన్నారు. చెవులు లేనివాడు ఇంతమంది చెవుల్లో పూలు పెట్టగలగడం సామాన్యమైన ప్రతిభ కాదు. ఆ పాత్రలో ఎరిక్ బానా అద్భుతంగా నటించాడు, కాదనను. అంతకుముందు టీవీలో నవ్వించిన నటుడు కనుక, ఎక్కడ నవ్వు పుట్టి ఎక్కడ గొంతులో ఆగిపోవాలో అతనికి తెలుసు. ఆగవలసిన చోట ఆగనిది చూసేవారే.

ఎందుకంటే అదే చిత్రంలో రీడ్ ప్రియురాలు తాన్యా అనే అమ్మాయి ఉంది. ఆమెను కూడా అతను కొడతాడు. దర్శకుడు ఆ దెబ్బలను దాచలేదు, వాటికి సొగసులూ అద్దలేదు. దాచింది ఈ అభిమానులు. కత్తిపోట్ల దృశ్యాన్ని అభినయించి మరీ చూపిస్తారు, కారు ప్రయాణాన్ని కథలు కథలుగా చెబుతారు, తాన్యా పేరెత్తితే మాత్రం ‘ఆవిడెవరు?’ అంటారు. సిగ్గుండాలి! ఆ దెబ్బలు తామే తిని, తరువాత వచ్చే పరామర్శకు ఎంత మురిసిపోతారో అప్పుడు చెప్పమనండి.