చక్కెర మానేస్తే క్యాన్సర్ మాడి చస్తుందా?

చెన్నైలో మా వేళచ్చేరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. చదవనివాళ్ల కోసం క్లుప్తంగా: "ఒట్టో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త క్యాన్సర్‌కు అసలు కారణం కనిపెట్టి 1931లోనే నోబెల్ తీసుకున్నాడు. క్యాన్సర్ కణానికి తిండి చక్కెర. చక్కెర, అన్నం పూర్తిగా మానేస్తే అది ఆకలితో మాడి చస్తుంది. పెట్ స్కానే దీనికి రుజువు. ఒంట్లో ఆమ్లం పెరిగితేనే క్యాన్సర్ వస్తుంది కాబట్టి పరగడుపున వంటసోడా నీళ్లు తాగండి. లక్ష్మణ ఫలం కీమోథెరపీ కన్నా పదివేల రెట్లు పవర్‌ఫుల్. మందుల కంపెనీలు ఇదంతా దాచిపెట్టాయి. పదిమందికీ పంపండి."

నెల్లూరు, తిరుపతి, కడప వైపు నుంచి క్యాన్సర్ వైద్యానికి చెన్నై వచ్చి, అడయారు చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి ఉండే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇలాంటి మెసేజ్‌లు ముందు చేరేది వాళ్ల ఫోన్లకే. బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతుంటాను కాబట్టి నిజమేనా అని నన్నూ అడుగుతుంటారు. పచ్చి అబద్ధమైతే ఒక్క మాటలో కొట్టిపారేయొచ్చు. ఇందులో సగం సగం నిజాలున్నాయి, చిక్కంతా వాటితోనే.

ముందు నోబెల్ సంగతి. 1931లో వార్‌బర్గ్‌కు బహుమతి వచ్చిన మాట నిజం. అది కణం ఆక్సిజన్‌ను వాడుకోవడానికి తోడ్పడే ఎంజైము స్వభావాన్ని, పనితీరును కనిపెట్టినందుకు ఇచ్చారు. క్యాన్సర్ కారణానికీ ఆ బహుమతికీ సంబంధం లేదు. అంతకుముందు 1920ల్లో ఆయన కణితి ముక్కలను పరీక్షించి, అవి గ్లూకోజును విపరీతంగా లాక్కుంటున్నాయని, ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తున్నాయని గమనించాడు. ఆ పరిశీలన ఇవాళ్టికీ నిలబడింది. కణం శ్వాస, అంటే ఆక్సిజన్‌తో గ్లూకోజును కాల్చి శక్తి తీసుకునే పని, చెడిపోవడమే క్యాన్సర్‌కు మూలం అని దాని నుంచి ఆయన తేల్చిన సిద్ధాంతం మాత్రం నిలబడలేదు. 1956లో కూడా ఆయన పట్టుబట్టి అదే వాదించాడు. కానీ చాలా కణితుల్లో కణానికి శ్వాస జరిగే భాగమైన మైటోకాండ్రియా బాగానే పనిచేస్తోందని తర్వాత తేలింది. 1976లో బిషప్, వార్మస్ బృందం ఇంకో దారి చూపింది. కోళ్లలో క్యాన్సర్ తెచ్చే వైరస్‌లోని జన్యువుకు మూలం మామూలు కోడి కణంలోనే ఉందని, అంటే క్యాన్సర్ బీజం కణం సొంత జన్యువుల్లోనే ఉండొచ్చని వాళ్లు చూపించారు. దానికి 1989లో నోబెల్ వచ్చింది. మెసేజ్ రాసినాయనకు ఆ నోబెల్ ఎందుకో అవసరం పడలేదు.

మరి గ్లూకోజు ముందా, జన్యువు ముందా? దీనికి నాకు తెలిసిన అందమైన జవాబు గిస్ట్ అనే కణితిలో ఉంది. అది ఎక్కువగా జీర్ణాశయంలో, చిన్నపేగుల్లో వస్తుంది. చాలా గిస్ట్ కణితులకు మూలం కిట్ అనే జన్యువులో వచ్చిన మార్పేనని 1998లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఆ జన్యువు చేసే ప్రోటీను ఆన్ అయిన స్విచ్చులా ఇరుక్కుపోయి, పెరగమని కణానికి ఆగకుండా సంకేతం పంపుతుంది. ఇమాటినిబ్ అనే మాత్ర ఆ ప్రోటీనును ఆపేస్తుంది. మందు మొదలుపెట్టిన 24 గంటలకే గ్లూకోజు ఎక్కువ లాక్కునే చోటు వెలిగి కనిపించే పెట్ స్కాన్‌లో కొందరి కణితి వెలుగు బాగా తగ్గిపోయింది. అప్పటికి కణితి సైజు తగ్గనే లేదు. రోగి తిండి మారలేదు, రక్తంలో గ్లూకోజు ఎప్పట్లాగే ఉంది. ఒక్క ప్రోటీను నోరు మూయించగానే కణితి గ్లూకోజు లాక్కోవడం మానేసింది. అంటే గ్లూకోజు కోసం ఆ ఆత్రం జన్యువు పెట్టించినది.

అంత గ్లూకోజు దేనికి అంటే, శక్తి కోసమే అయితే ఇది దండగ లెక్క. పూర్తిగా శ్వాసతో కాల్చితే ఒక్కో గ్లూకోజు అణువు నుంచి కణం శక్తిగా ఖర్చుపెట్టుకునే ఏటీపీ అణువులు 30 దాకా వస్తాయి, లాక్టిక్ ఆమ్లం చేసి వదిలేస్తే వచ్చేవి రెండే. అయితే రెండుగా చీలాల్సిన కణానికి కొత్త డీఎన్ఏ, కొత్త పొరలు, కొత్త ప్రోటీన్లు కట్టుకునే ముడిసరుకు కూడా కావాలి. గ్లూకోజులోని కార్బన్ కొంత అందుకు పోతుంది.

ఇక పెట్ స్కాన్. ఎవరికైనా తోడుగా వెళ్లినవాళ్లకు తెలిసే ఉంటుంది. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. వెళ్లగానే వేలికి గుచ్చి షుగర్ చూస్తారు. మరీ ఎక్కువుంటే ఇంకో రోజు రమ్మంటారు. తర్వాత ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక అణువు తగిలించిన, గ్లూకోజును పోలిన ఎఫ్‌డీజీ అనే పదార్థాన్ని నరానికి ఎక్కించి, గంటసేపు కదలకుండా పడుకోబెడతారు. మాట్లాడొద్దంటారు, ఏమీ నమలొద్దంటారు. ఎందుకంటే పనిచేసే కండరం కూడా గ్లూకోజు తాగుతుంది. చూయింగ్ గమ్ నమిలితే తెర మీద దవడ కండరాలే వెలిగిపోతాయి. ఇంత జాగ్రత్తపడి తీసిన బొమ్మలో కూడా మెదడు ధగధగా మెరుస్తుంది. అది రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు ఖర్చుపెడుతుంది మరి. మెరిసిందల్లా క్యాన్సరైతే స్కాన్ తీయించుకున్న ప్రతి ఒక్కరికీ బ్రెయిన్ క్యాన్సర్ ఉన్నట్టే! మూత్రాశయమూ వెలుగుతుంది, టీబీ సోకిన లింఫు గడ్డా వెలుగుతుంది. పైగా ప్రొస్టేట్ క్యాన్సర్లలో చాలావాటికి ఎఫ్‌డీజీ సరిగా పట్టదు, వాటికి పీఎస్ఎంఏ పెట్ అని వేరే స్కాన్ ఉంది. క్యాన్సర్లన్నిటికీ ఒకటే తిండి అనే మాట ఆ స్కాన్ గదిలోనే వీగిపోతుంది.

"సరే సార్, గ్లూకోజు దానికి కావాలి కదా, మనం ఇవ్వకపోతే?" అందరూ చివరికి అడిగేది ఇదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండు రోజులు పస్తున్నా రక్తంలో గ్లూకోజు సున్నా కాదు. కాలేయం ముందు తన దగ్గరున్న గ్లైకోజెన్ నిల్వను ఖర్చుపెడుతుంది, తర్వాత కండలోంచి వచ్చిన అమైనో ఆమ్లాలతో గ్లూకోజు తయారుచేస్తుంది. కణితి తన వాటా ఆ రక్తంలోంచే తీసుకుంటుంది. గ్లూకోజు తగ్గినా గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లంతోనో కొవ్వులతోనో నెట్టుకొచ్చే కణితులూ ఉన్నాయి. నష్టపోయేది రోగి కండ.

నెల్లూరు నుంచి వచ్చిన ఒక కోడలు నాతో గర్వంగానే చెప్పింది: "అత్తమ్మకి అన్నం మాన్పించేశాం సార్, ఇడ్లీ కూడా పెట్టడంలా. ఉడకేసిన కూరలే." ఆ పెద్దావిడ చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నీరసం చూసి డాక్టరు తర్వాతి కీమో వాయిదా వేశారు. క్యాన్సర్ తనంతట తానే కండను కరిగించే జబ్బు, దానికి ఇంట్లోవాళ్లు కూడా సాయం చేస్తే ఎలా?

ఆహారానికీ చికిత్సకూ సంబంధమే లేదని నేను అనడం లేదు. కణాన్ని పెరగమనే పీఐ3కే అనే సంకేత మార్గాన్ని ఆపే మందులు ఇస్తే రక్తంలో గ్లూకోజు, దాంతో ఇన్సులిన్ పెరిగి మందు ప్రభావాన్ని దెబ్బతీస్తున్నాయని, పిండిపదార్థాలు బాగా తగ్గించిన కీటో ఆహారం తోడైతే మందు మెరుగ్గా పనిచేసిందని 2018లో ఎలుకల్లో చూశారు. మెసేజ్‌లవాళ్లు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. అదే పరిశోధనలో లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న ఎలుకలకు మందు లేకుండా ఆ ఆహారం ఒక్కటే పెడితే జబ్బు ఇంకా ముదిరింది. షుగర్ జబ్బున్నవాళ్లు, కీమోతో స్టెరాయిడ్లు వాడేవాళ్లు గ్లూకోజును అదుపులో పెట్టుకోవాల్సిందే. తీపి పానీయాలతో ఒళ్లు పెరిగితే ముప్పు పెరుగుతుందన్నదీ నిజమే. ఒంట్లో అధిక కొవ్వుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తేల్చింది. అది జబ్బు రాకముందు మాట. వచ్చాక పళ్లెంలోంచి అన్నం తీసేయమని ఎవరూ చెప్పలేదు.

కణాన్ని మాడ్చి చంపే ఆలోచన కూడా వట్టిది కాదు. దాన్ని పనిచేయించినవాళ్లలో భీమవరంలో పుట్టి, ఇక్కడి మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను పోలి, దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లం పని ఆగితే కణం కొత్త డీఎన్ఏ కట్టుకోలేదు. సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. ఆ మందుల కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. పిల్లల లుకేమియాలో ఇచ్చే ఆస్పరజినేజ్ ఇంజెక్షన్‌దీ అదే ఎత్తు. ఆ కణాలు ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగినంత తయారుచేసుకోలేవు, మందు రక్తంలోని ఆస్పరజిన్‌ను విరగ్గొట్టేస్తుంది. 2008లో కొన్ని మెదడు కణితుల్లో ఐడీహెచ్1 జన్యు మార్పు బయటపడింది. ఆ మార్పుతో దారితప్పిన ఎంజైమును అడ్డుకునే వోరాసిడెనిబ్ అనే మందుకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏ కణానికి ఏది లోటో, ఏ ఎంజైము చెడిందో తెలుసుకుని సరిగ్గా అక్కడ కొట్టడమే వీటన్నిటి కిటుకు. గ్లూకోజు అలా క్యాన్సర్‌కు మాత్రమే అవసరమైన సరుకు కాదు, మెదడుకూ అదే కావాలి.

వంటసోడా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కలిసి రక్తంలో ఆమ్లం ఎంతుందో చెప్పే పీహెచ్‌ను 7.35కీ 7.45కీ మధ్యే నిలబెడతాయి, గ్లాసుడు సోడా నీళ్లకు అది మారదు. కణితి చుట్టూ ఆమ్లం ఉండేది కణితి వదిలే లాక్టిక్ ఆమ్లం వల్ల. మెసేజ్‌లో కారణం, ఫలితం తారుమారయ్యాయి. సోడా మరీ ఎక్కువ తాగితే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది.

లక్ష్మణ ఫలం పదివేల రెట్ల కథ 1996 నాటి ఒక ల్యాబ్ ప్రయోగం నుంచి వచ్చింది. ఆ గింజల్లోంచి తీసిన ఒక పదార్థం, గాజు పాత్రలో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద ఏడ్రియమైసిన్ అనే కీమో మందు కంటే అంత గట్టిగా పనిచేసింది. పండు తిన్న మనుషుల్లో క్యాన్సర్ తగ్గిన రుజువేమీ లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ జాతి పదార్థాలు మైటోకాండ్రియాలో శ్వాసను అడ్డుకుని కణాన్ని చంపుతాయి. శ్వాస చెడితేనే క్యాన్సర్ వస్తుందన్న వార్‌బర్గ్‌ను పైన పొగిడిన మెసేజే, శ్వాసను చెడగొట్టే పండు తినమని కింద చెబుతోంది! అతిగా తినేవాళ్లలో పార్కిన్సన్స్‌ లాంటి నరాల జబ్బు కనిపిస్తోందని కరీబియన్ దీవి గ్వాడెలూప్ నుంచి 1999లోనే హెచ్చరిక వచ్చింది.

చివరిగా, కంపెనీలు దాచిపెట్టాయట. వార్‌బర్గ్ పరిశీలన మెడికల్ కాలేజీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లోనే ఉంది, పిల్లలు దాన్ని పరీక్షకు బట్టీపడతారు. మన ఊళ్లోనే ఐఐటీ మద్రాస్ 480 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల జన్యు సమాచారాన్ని విశ్లేషించి 2025 ఫిబ్రవరిలో పరిశోధకులందరికీ అందుబాటులో పెట్టింది. అందులో వెతికేది మన దేశపు కణితుల్లో ఏ జన్యువులు మారాయన్నది.