మీ మర్యాదలకు ఇంకెన్ని బస్తాలు, వేరు గారూ?

శ్రీయుత ఆలుగడ్డ వేరు గారికి,
ఎర్ర చెల్క, పై నుంచి మొదటి అడుగు లోతు,
జహీరాబాద్ ప్రాంతం, సంగారెడ్డి జిల్లా.

ఉభయకుశలోపరి. మీ కుశలానికేం లోటు లేదని తెలుసు. దాని కోసం డీఏపీ ఎరువు బస్తాలు మోసిన నా నడుము కుశలమే కాస్త అనుమానం.

మీ అడ్రస్ రాయడం మాత్రం తేలికే. గోధుమ వేరుకు ఉత్తరం అందాలంటే మీటరు దాటి తవ్వాలి. మీ కుటుంబం దాదాపు అంతా పైనున్న 30 సెంటీమీటర్లలోనే కాపురం. విత్తన దుంప నుంచి మొలిచిన మొక్కకు తల్లివేరు ఉండదు కాబట్టి కిందికి వెళ్ళమని గద్దించే పెద్దదిక్కు మీకు లేదు. దసరాకు వచ్చి, సంక్రాంతి దాటినా మంచం దిగని కొత్త అల్లుడి సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. మీ రాకపోకల తేదీలూ అవే, మీ పద్ధతీ అదే. అన్నీ మంచం దగ్గరికే రావాలి. వారానికోసారి తడి, బోదె మీద ఎరువు, మట్టి ఎగదోసేటప్పుడు మళ్ళీ ఎరువు. ఆ తడిలో కరిగిన యూరియా నైట్రేటుగా మారి కిందికి జారిపోతుంటే కాళ్ళు చాచి అందుకోవడం కూడా మీకు బరువే. 2025లో తెలంగాణలో యూరియా దొరకనప్పుడు లైన్లో మా చెప్పులూ పాస్‌బుక్కులూ నిలబడ్డాయి. మీరు మాత్రం పడుకునే ఉన్నారు.

భాస్వరం సంగతి మరీ అన్యాయం. 50 కిలోల డీఏపీ బస్తాలో ఫాస్ఫేటు, అంటే భాస్వరం ఉండే సరుకు, 23 కిలోలు. వేసిన ఏడాది పంటకు అందులో ఐదో వంతు చేరితే గొప్ప. మిగతాది మన ఎర్ర నేలలో ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. నైట్రేటులా అది నీళ్ళతో పరుగెత్తదు. మట్టిలో దాని నడక మిల్లీమీటర్లలోనే. వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేశాక, పక్కనే ఎంతున్నా మీకు లేనట్టే. లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. మీరు లేవరు. షాపు ఆయన "ఆలుగడ్డకు ఇంకో బస్తా పడాలె" అంటాడు. ఆయనకు మీరంటే చాలా గౌరవం.

2015 నుంచి ప్రభుత్వం భూసార పరీక్ష కార్డులు ఇస్తోంది. అందులో 12 గడులు. నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలుకొని జింకు, బోరాన్ దాకా మట్టిలో ఎంతెంత ఉందో రాస్తారు. అందులోంచి మీకు ఎంత చేతనవుతుందో రాసే గడి ఒక్కటీ లేదు.

ఇంతవరకూ ఊరుకున్నాను. మీకు ఏమీ చేతకాదనుకున్నన్నాళ్ళు కోపం కూడా రాలేదు. ఆ తర్వాతే మీ గుట్టు తెలిసింది. పస్తు పెడితే మీరు పని చేస్తారట!

భాస్వరం తక్కువున్న మట్టిలో మీరు చూపించే చురుకు గురించి చదివితే నాకు కళ్ళు తిరిగాయి. పైన ఆకుల పెరుగుదల తగ్గిస్తారట, ఉన్న చక్కెరలో పెద్ద వాటా కిందికి లాక్కుంటారట. పాపం మొక్క పొట్టిగా, ముదురాకుపచ్చగా, దిగులుగా నిలబడితే కింద మీరు మాత్రం పిల్ల వేళ్ళు వేసుకుంటూ, మూలకేశాలనే సన్నని నూగు పొడవు చేసుకుంటూ వీధులన్నీ తిరుగుతారట. ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును బయటికి వదిలి, కుళ్ళిన ఆకుల్లో, పేడలో ఇరుక్కున్న భాస్వరాన్ని విడదీస్తారట. ఆమ్లాలు వదిలి మట్టి గట్టిగా పట్టుకున్నదాన్ని కొంత వదిలిస్తారట. ఇనుము చాలకపోతే చుట్టూ పులుపు పెంచి దాన్నీ కరిగిస్తారట. ఇన్ని విద్యలు లోపల పెట్టుకుని, నేను బస్తా విప్పిన చప్పుడు వినగానే ఏమీ తెలియనట్టు దుప్పటి కప్పుకుంటారా?

అన్నిటికన్నా కడుపు మండే సంగతి ఇంకోటుంది. స్వయంగా వెళ్ళే ఓపిక లేనప్పుడు మీరు మనిషిని పెట్టుకుంటారు. మనిషంటే మైకోరైజా అనే బూజు జాతి. మీ ఒంట్లో ఒక కొస, మట్టిలో ఒక కొస. మీ నూగు చేరలేని సెంటీమీటర్ల దూరాలకు దాని పోగులు పోయి భాస్వరం మోసుకొస్తాయి. ఆ సరుకు అందుకోవడానికి మీ కణాల్లో ప్రత్యేకంగా ఒక గుమ్మమే ఉంది. ఆ రవాణా ప్రోటీను సంగతి 2001లో నేచర్ పత్రికలో వచ్చింది. పరిశోధన జరిగింది మరే మొక్క మీదో కాదు, మీ మీదే. జీతం చక్కెర రూపంలో. ఆకులు చేసిన దాంట్లో ఒక్కోసారి ఐదో వంతు దాకా పోతుందంటారు. ఇబ్బంది లేదు, పని చేసినవాడికి జీతం ఇవ్వాల్సిందే. కానీ భాస్వరం బస్తా పడగానే ఏం చేస్తారు? ఆ పనివాడికి తలుపు మూసేస్తారు. కరువులో కూలి, పండగ రోజున నువ్వెవరని అడగడం. ఈ మర్యాద ఎక్కడ నేర్చుకున్నారు?

పైగా అతణ్ణి పిలిచే తీరు చూడండి. భాస్వరం కరువైనప్పుడు స్ట్రిగోలాక్టోన్లు అనే పదార్థాలను మట్టిలోకి వదులుతారు. ఆ జాతిలో మొదటిది 1966లోనే పత్తి వేళ్ళ నుంచి దొరికింది. ఎందుకు దొరికిందంటే, అది తగలగానే స్ట్రిగా అనే పరాన్నజీవి కలుపు గింజలు మొలుస్తాయి. నలభై ఏళ్ళ పాటు పండితులకు ఒక్కటే తికమక: ఏ మొక్కైనా దొంగకు కబురు పంపుతుందా? 2005లో జపాను శాస్త్రవేత్తలు తేల్చారు, ఆ కబురు మైకోరైజా కోసమని. దారిలో దొంగ వింటున్నాడంతే. మా పొగాకు రైతులను అడగండి, పొగాకు మల్లె అనే కలుపు పేరెత్తితే చాలు, ముఖం మాడ్చుకుంటారు. అదీ ఇలా వేరు వదిలిన పదార్థాలు తగిలితేనే మొలిచి, ఆ వేరునే పీల్చుకు తింటుంది. పొగాకు మీ దాయాదే, టమాటా, వంకాయలతో పాటు అంతా ఒకటే కుటుంబం. ఇంటి గుట్టు వీధిలో అరిచే అలవాటు వంశంలోనే ఉన్నట్టుంది.

నత్రజని దగ్గర మీ తిక్క తీరు వేరు. అది చాలకపోతే కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, మొక్క బెదిరి గడ్డ ముందుగానే కడుతుంది. చిన్న గడ్డలే అనుకోండి, కడుతుంది. అదే యూరియా దండిగా పడితే ఆకులు అడవిలా పెరుగుతాయి, గడ్డ పని వాయిదా పడుతుంది. చేను పచ్చగా ఉందని దారినపోయేవాళ్ళు మెచ్చుకుంటుంటే, కింద ఏమీ ఊరడం లేదని నాకు తవ్వకం రోజున తెలుస్తుంది.

మీరు మొదటి నుంచీ ఇంతేనా అని పాత చరిత్ర చూశాను. టిటికాకా సరస్సు చుట్టుపక్కల ఆండీస్ కొండల్లో మీ పుట్టిల్లు. అక్కడి రైతులు పొలాన్ని కొన్నేళ్ళు బీడు వదిలి, గొర్రెలూ లామాలూ వేసిన పెంట చల్లి, ఆ బలమంతా తినడానికి ముందుగా మిమ్మల్నే దింపేవారట. తొలి పీట అక్కడా మీదే! మన దగ్గరికి ఆగ్రా నుంచో జలంధర్ నుంచో విత్తనం లారీల్లో వస్తుంది. 1968 నాటి కుఫ్రీ జ్యోతి, 1998 నాటి కుఫ్రీ పుఖ్‌రాజ్, ఇలా పేర్లు మారాయి గానీ కొత్త రకాల ఎంపిక ఎక్కడైనా మామూలుగా జరిగేది నిండుగా ఎరువేసిన మళ్ళలోనే. కడుపు నిండినప్పుడు ఎవరు ఎక్కువ గడ్డ పెడతారన్నదే పోటీ. ఆకలైతే ఎవరు ఎంత దూరం నడుస్తారో చూసి మార్కులు వేసేవాళ్ళు తక్కువ. మిమ్మల్ని ఇలా గారాబం చేసినవాళ్ళ మీద మరో ఉత్తరం రాయాలి, దానికి ఇంకో రోజు.

ఇదే జిల్లాలో, మీకు వంద కిలోమీటర్ల లోపే, పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉంది. అక్కడ ఎర్ర నేలలో కంది వేరు ఏం చేస్తుందో పరిశీలించిన పని 1990లో సైన్స్ పత్రికలో అచ్చయింది. ఇనుము పట్టుకుని కూర్చున్న భాస్వరం మీదకు కంది వేరు పిసిడిక్ ఆమ్లం వదులుతుందట. ఆ ఆమ్లం ఇనుమును పట్టుకోగానే భాస్వరం విడుదలవుతుంది. తను తినగా, రాలిన ఆకులతో, మిగిలిన వేళ్ళతో తర్వాతి పంటకు కొంత వదిలిపెడుతుంది కూడా. ఆ వేరు తిన్న బస్తాల లెక్క అడగకండి, సిగ్గేస్తుంది. డీఏపీ ధర గురించి అది ఎన్నడూ మాట్లాడలేదు.

అసలు సంగతికి వస్తాను. వచ్చే వానాకాలం మీ చోట కంది వేస్తున్నాను. అది జనవరి దాకా ఉంటుంది కాబట్టి ఆ యాసంగికి మీకు పిలుపు లేదు. ఆపై ఏడాది అక్టోబరులో రండి. ముందు మట్టి పరీక్ష, తర్వాతే బస్తాల లెక్క. భాస్వరం మాత్రం ఒక బస్తా తగ్గుతుందని ఇప్పుడే చెబుతున్నాను. పొటాష్ తగ్గించను. టన్ను గడ్డలతో పాటు సుమారు 5 కిలోల పొటాష్ పొలం దాటిపోతుందని తెలుసు, ఆ విషయంలో మీ మీద నాకు ఫిర్యాదు లేదు. ఆకులు కాస్త ముదురు రంగుకు తిరిగితే మీరు అలిగారో, పనిలోకి దిగారో చూడటానికి ఒక మొక్క పీకి మూలకేశాలు చూస్తాను. షాపుకు మాత్రం పరుగెత్తను.

ఇట్లు,
మీ బస్తాలు మోసే రైతు

తా.క.: గడ్డ మీ సంతానమేనని ఊళ్ళో ఇంకా కొందరు అనుకుంటున్నారు. అది భూమిలో పెరిగిన కాండం కొస, మీతో దానికి రక్తసంబంధం లేదు. క్వింటాలు రేటు పెరిగిన రోజున వాటా అడుగుతూ రాకండి.