కొలబద్ద ఉద్యోగుల బకాయిలు తీర్చాలి

పందొమ్మిదో శతాబ్దంలో బాగా గిరాకీ ఉన్న ఉద్యోగం, శిథిలాల పక్కన ఊరికే కూర్చోవడం. నమ్మకం కుదరకపోతే తూర్పుదేశాల మీద ఆ కాలంలో అచ్చయిన యాత్రాచిత్రాలు తిరగేయండి. విరిగిన స్తంభం, కాస్త ఇసుక, స్తంభం మొదట్లో చీమంత తలపాగా మనిషి. లండన్‌లో బొమ్మ కొన్న దొరగారికి స్తంభం పొడవు తెలియాలి కదా, అందుకని అతను. ఇంకే పనీ లేదు.

ఈ రంగానికి పెద్ద దిక్కు డేవిడ్ రాబర్ట్స్. 1796లో ఎడింబరో దగ్గర చెప్పులు కుట్టే ఆయన ఇంట పుట్టి, నాటకాలకు తెరలు గీస్తూ పైకొచ్చినవాడు. జూనియర్ ఆర్టిస్టులను ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయనకొకరు చెప్పాలా? 1838లో ఈజిప్టు చేరి, నైలు మీద పడవలో తిరుగుతూ గీశాడు. ఆ బొమ్మలను రాతి అచ్చుకెక్కించింది లూయీ హాగ్. కుడిచెయ్యి పుట్టుకతోనే సరిగా లేదు, అంత పనీ ఎడంచేత్తోనే. 1842 నుంచి 1849 దాకా విడతలుగా వచ్చిన ఆ సంపుటాలకు విక్టోరియా రాణి కూడా చందాదారు. అంత భారీ నిర్మాణంలో కూర్చున్నవాడి బత్తా సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఈజిప్టులోని ఎడ్ఫూ గుడిని రాబర్ట్స్ గీసిన బొమ్మే తీసుకోండి. స్తంభాలు దాదాపు తలకట్టు దాకా ఇసుకలో మునిగాయి. ముందు కొందరు తీరిగ్గా చతికిలబడ్డారు. చూసిన మారాజులు "ఆహా, ఎంత గొప్ప నాగరికత, ఎలా పాడుబడిపోయింది!" అని నిట్టూర్చి ఉంటారు. పాడుబడటమేమిటండీ, ఆ గుడి కప్పు మీద జనం ఇళ్ళు కట్టుకుని కాపురాలు చేస్తుంటే! 1860లో ఫ్రెంచి పురావస్తు పండితుడు ఆగస్త్ మారియెట్ తవ్వకాలు మొదలెట్టి ఆ ఇళ్ళు తీయించేశాడు. మనుషులున్నన్నాళ్ళూ శిథిలమట, వాళ్ళను దింపేశాక దేవాలయమట.

పైగా వీళ్ళకు సోమరులన్న బిరుదొకటి. గాలి పడిపోతే నైలు పడవను ఒడ్డు వెంట తాళ్ళతో లాగేది ఎవరు? సామాన్లు మోసేది, వంట చేసేది ఎవరు? ఆ జనమే బొమ్మలోకి రాగానే ఒళ్ళొంగనివాళ్ళయిపోయారు! కదిలితే కొలత తప్పుతుందని కాబోలు.

కెమెరా వచ్చాకైనా ఈ ఉద్యోగం పోలేదు, క్రమశిక్షణ పెరిగింది. 1850లో మాక్సిమ్ దు కాఁ అనే ఫ్రెంచి రచయిత ఈజిప్టులో తన పడవ సరంగుల్లో ఒకడైన హాజీ ఇస్మాయిల్‌ను గుళ్ళ దగ్గర నిలబెట్టి ఫొటోలు తీశాడు. అబూ సింబెల్ గుడి దగ్గర అయితే ఏకంగా ప్రాచీన ఈజిప్టు రాజు రామ్సెస్ విగ్రహం నెత్తిమీద కూర్చోబెట్టాడు. కదలకుండా ఉండేందుకు ఆయన చేసిన ఉపాయం ఆయనే రాసుకున్నాడు: కెమెరాకున్న ఆ ఇత్తడి గొట్టం ఫిరంగి, కదిలావో పేలుతుందని చెప్పాడట. కార్మిక సంబంధాల చరిత్రలో ఇంత సూటి ఒప్పందం నేనెరగను.

కాబట్టి మ్యూజియంలవారికి నా విన్నపం. బొమ్మ కింద చిత్రకారుడి పేరు, అచ్చెక్కించినవాడి పేరు, ప్రచురణకర్త పేరు వేస్తున్నారు, సంతోషం. వాటి సరసనే "కొలబద్ద: ఫలానా" అని ఇంకో వరుస చేర్చండి. పేరు దొరక్కపోతే "కూర్చున్నాయన" అన్నా చాలు. బత్తా లెక్కలు వారసులతో తర్వాత మాట్లాడుకోవచ్చు, ఫిరంగి లేకుండా.