రాయనివ్వని డిస్కు

అమలాపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మాబోటివాళ్లకు, సాఫ్ట్‌వేర్ "డిస్కులో రాయడానికి అనుమతి లేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవడం కంటే చిరాకు మరొకటి లేదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కును యాపిల్ వారి మ్యాక్ కంప్యూటర్ మామూలుగా చదువుతుంది గానీ దానిపై రాయదు. అందుకే తలంబ్రాల ఘట్టం తెరపై చక్కగా ఆడుతుంది, ఎక్స్‌పోర్ట్, అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా రాయడం, మాత్రం మొదట్లోనే ఆగిపోతుంది. ఫార్మాటే అడ్డమైనప్పుడు సెట్టింగులలో ఫుల్ డిస్క్ యాక్సెస్ (సాఫ్ట్‌వేర్‌కు ఫైళ్లన్నీ తెరిచే అనుమతి) ఎన్నిసార్లు ఇచ్చినా ప్రయోజనం ఉండదు. ఎక్స్‌ఫ్యాట్ అనే మరో ఫార్మాట్‌లోకి మార్చితే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ రాసుకోవచ్చు, కానీ అందుకు డిస్కంతా చెరిపివేయాలి. అందులో ఉన్నదేమో పెళ్లివారి ఫుటేజీ. ఫార్మాటే అడ్డమన్న ఈ కారణాన్ని ఆ సందేశంలోనే మరో వాక్యంగా రాస్తే సాఫ్ట్‌వేర్ చేసినవారి సొమ్మేం పోయింది? పెళ్లికూతురి తండ్రి "వీడియో ఏదండీ?" అని ఫోను చేస్తే, "డిస్కు అనుమతి ఇవ్వలేదండీ" అని చెప్పగలమా?